కొండ మింగిన మూడడుగులు

నా ట్రంకు పెట్టెలో నలభైకి పైగా డైరీలు ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలుపెట్టినవి. జ్వరం వచ్చిన రోజు కూడా "జ్వరం" అని ఒక్క ముక్క రాసి పడుకున్నాను తప్ప పుట ఖాళీగా వదల్లేదు. అన్నీ నీలం సిరాతో రాసినవే. లెక్కల అయ్యవారిగా ముప్పై మూడేళ్ళు ఎర్ర సిరా బుడ్డి నా పక్కనే ఉంది. అది పిల్లల నోటు పుస్తకాలకే గానీ నా డైరీకి కాదని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆ పద్ధతి ఒకే ఒక్కసారి తప్పింది. తొంభైల చివరి డైరీ ఒకదానిలో "పై గుండు నుంచి కింది గుండుకు 39 అడుగులు. ఇల్లు సరిగ్గా పడుతుంది" అని ఉంటుంది. దాని మీద అడ్డంగా ఎర్ర గీత, పక్కన పెద్ద ఇంటూ గుర్తు. ఆ గుర్తు నాకు నేనే పెట్టుకున్నాను. పెట్టుకుంటుంటే నా భార్య పక్కన కూర్చుని నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

నా ఉద్యోగం సోమలలో మొదలై, పుంగనూరులో చాలాకాలం సాగి, మదనపల్లెలో ముగిసింది. మూడు చోట్లా అద్దె ఇళ్ళే. మదనపల్లెలో చివరి పదేళ్ళు మేడ మీది పోర్షనులో ఉన్నాం. ఇరవై రెండు మెట్లు. కుళాయి కింద, వంట పైన. ప్రతిరోజూ వాన పడిందీ లేనిదీ రాసుకున్న నేను, ఆ పదేళ్ళలో నా భార్య ఎన్ని బిందెలు పైకి మోసిందో ఒక్కరోజు కూడా రాసుకోలేదు. నేను రిటైరయ్యేనాటికి ఆమె మోకాళ్ళు రెండూ మొరాయించాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ నొక్కి చూసి, వంచి చూసి, "ఎంతైనా నడవండి, మంచిదే. మెట్లు మాత్రం ఎక్కొద్దు" అని చెప్పింది.

రిటైరైన వాళ్ళు ఊళ్ళో ఒక ఇల్లు చూసుకోవడం సహజం. నాకు మాత్రం కొండ మీద కోరిక ఉండేది. అది పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సులో తిరిగిన రోజుల్లో పుట్టింది. దారిలో ఒక కొండ పక్కన ఎవరో రెండంతస్తుల ఇల్లు కట్టారు. కొండను సగం చెక్కి, సీతాఫలం పొదలన్నీ పీకి, దానికి గులాబీ రంగు వేశారు. ఆరు మైళ్ళ దూరం నుంచి కూడా అదే కనబడేది. "కొండకు కట్టుడు పన్ను పెట్టినట్టు ఉంది. నేను కడితే నా ఇల్లు కొండకు తెలియకూడదు" అని ఆనాటి డైరీలో రాసుకున్నాను.

అంగళ్లు దాటి కొంత దూరం పోయాక, రోడ్డు నుంచి ఒక బండిబాట కొండ నడుము దాకా వాలుగా పోతుంది. ఆ బాట చివర మేం కొన్న స్థలం. బాగా ఏటవాలు. పైన ఏనుగంత రాతిగుండు, కింద దానికి తమ్ముడిలాంటి ఇంకో గుండు. మధ్యలో బోదగడ్డి, తంగేడు, సీతాఫలం పొదలు. పై గుండు పగులులో ఒక రాతిజువ్వి వేళ్ళు దించి నిలబడి ఉంది. అక్కడ కూర్చుంటే కింద టమోటా తోటలు, వాటి కట్టెల వరుసలు, దూరంగా మదనపల్లె నీళ్ళ ట్యాంకు కనబడతాయి.

మొదటిసారి తీసుకుపోయి చూపించినప్పుడు నా భార్య చుట్టూ ఒకసారి చూసింది. జువ్వి నీడన కూర్చుని కాళ్ళు చాపుకుంది.

"ఎట్లా ఉండాది?" అన్నాను, ఆమెను మంచి చేసుకోవడానికి ఆమె యాసలోనే.

"చోటు బాగుండాది. గాలి బాగుండాది. ఇల్లు కొండకు తెలీకుండా కడతానంటాండారు కదా, కట్టండి. నా మోకాళ్ళకు కూడా తెలీకుండా కట్టండి."

"అంటే?"

"వాకిలి కాడి నుంచి పొయ్యి కాడికి ఒక్క మెట్టు కూడా ఉండకూడదు. ఒక్కటంటే ఒక్కటి. కనబడిందా, నేను కుప్పం పోతాను. మా తమ్ముని ఇంటి పక్కన రెండు గదులు ఖాళీగా ఉండాయి. నేల మట్టంగా."

నవ్వుతూనే అంది. అయితే నవ్వుతూ అన్న మాటలే ఆమె ఎక్కువ నిలబెట్టుకుంటుందని నాకు తెలుసు. "షరతు: మెట్టు లేదు" అని ఆ రోజు డైరీలో రాసి, కింద రెండు గీతలు గీశాను.

తొందరపడి ఏదీ చేయడం నాకు చేతకాదు. ఒక ఏడాది పాటు ఇటుక తేకుండా స్థలాన్ని చదవాలని నిశ్చయించుకున్నాను. వారానికి మూడు రోజులు పొద్దున బస్సుకు పోవడం, క్యారియరులో సద్ది, చేతిలో గొడుగు, జేబులో డైరీ. ఏ నెలలో ఎండ ఏ గుండు మీద ముందు పడుతుందో, గాలి ఏ వైపు నుంచి కొడుతుందో రాసుకున్నాను. వాన పడితే గొడుగు కింద కూర్చుని నీళ్ళు ఏ దారిన దిగుతున్నాయో బొమ్మ గీసుకున్నాను. నా భార్య కూడా చాలాసార్లు వచ్చేది. బండిబాట మీద నిదానంగా నడుచుకుంటూ వచ్చి జువ్వి కింద చేరేది. వాలు నడకతో ఆమెకు పేచీ లేదు. మెట్టు మీద మోకాలు వంచితేనే ప్రాణం పోతుంది.

అక్కడ మాకు పరిచయమైన మనిషి మేకల అవ్వ. అవ్వ అంటున్నాను గానీ నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. ముప్పై మేకలు, ఒక కర్ర, నోట్లో వక్క. రోజూ పది గంటలకు ఒక వైపు నుంచి వచ్చి మా స్థలానికి అడ్డంగా నడిచి ఇంకో వైపు పోయేది. నేను గొడుగు వేసుకుని కూర్చోవడం ఆమెకు నచ్చేది కాదు.

"ఏమప్పా, వాన పడతా ఉంటే యాల కూసున్నావు? ఇంట్లో గొడవా?"

"లేదు. నీళ్ళు యాడ పోతాండాయో చూస్తాండాను."

"కిందికే పోతాయి కదప్పా. సదువుకున్నావు, ఇది తెలీదా?" అని నా భార్య వైపు తిరిగి, "ఈయనకు ఎప్పట్నుంచి ఇట్లా ఉండాది?" అని అడిగింది.

"పెండ్లి నాటి నుంచీ," అంది నా భార్య.

మేకలు నడిచీ నడిచీ స్థలం మధ్యలో ఒక బాట పడింది, జానెడు వెడల్పున. నా గ్రాఫు కాగితం మీద దాన్ని చుక్కల గీతగా వేసి, పక్కన "అడ్డంకి. కంచె వేయాలి" అని రాశాను. ఆ మాటలు ఇప్పటికీ ఆ కాగితం మీద ఉన్నాయి.

ఏడాది గడిచాక కొలత తీశాను. టేపు కింది కొన నా భార్య చేతికిచ్చి కింది గుండు దగ్గర నిలబెట్టాను. పై కొన పట్టుకుని నేను పై గుండు దగ్గరికి పోయాను. టేపు గడ్డి మీద పరుచుకుంది.

"ఏమండీ," అని అరిచింది కింద నుంచి. "నేను ఈడ పల్లంలో ఉండాను. మీరు ఆడ గోడ మీద కాకి మాదిరి ఉండారు. మన ఇద్దరి మధ్య ఇల్లు యాడ నిలబడతాది?"

"టేపు బిగించి పట్టుకో. కదలొద్దు."

"బిగించే పట్టుకున్నా. అడిగినదానికి జవాబు చెప్పండి."

"ముప్పై తొమ్మిది!" అని అరిచాను. అదే జవాబనుకున్నాను.

ఆ ముప్పై తొమ్మిది మీద రెండు నెలలు కూర్చుని ప్లాను గీశాను. కొండను ఎక్కువ తవ్వకూడదు కాబట్టి గదులు రెండు వరుసలు. ముందు వరుస కిందగా, వెనక వరుస దానికంటే మూడడుగులు ఎత్తుగా. వంటగది వెనక వరుసలో. మామూలుగా అయితే రెండు వరుసల మధ్య ఆరు మెట్లు వస్తాయి. ఆ మెట్లకు బదులు, ఇంటి పొడవునా మూడడుగుల వెడల్పుతో ఒక వాలు నడవ పెట్టాను. ముప్పై అడుగులు నడిస్తే మూడడుగులు ఎక్కుతాం, తెలియనే తెలియదు. కప్పు మీద మట్టి పోసి గడ్డి పెంచితే రోడ్డు మీద నుంచి చూసేవాళ్ళకు కొండే కనబడాలి. పాత పెండ్లి పత్రికల అట్టలు కత్తిరించి ఒక చిన్న ఇల్లు కూడా చేశాను. నా భార్య దాన్ని చేతిలోకి తీసుకుని, వాలు నడవ మీద రెండు వేళ్ళు నడిపించి చూసింది. వాకిలి నుంచి పొయ్యి దాకా.

"తగల్లేదు," అంది. ఆ మాట విన్నంత సంతోషం నాకు రిటైర్మెంటు సభలో దండ వేసినప్పుడు కూడా కలగలేదు.

మేస్త్రిని ఆమే పిలిపించింది. కుప్పం మనిషి, రాతి పనిలో పుట్టి పెరిగినవాడు. ఆమెను అక్కా అంటాడు. మంచిరోజు చూసి గురువారం పొద్దున ముగ్గు పోయడానికి వచ్చాడు. పునాది ఎక్కడెక్కడ తవ్వాలో నేల మీద ముగ్గుపిండితో గీయడమే ముగ్గు పోయడం. కాగితం మీది ఇల్లు మొదటిసారి నిజం కొలతల్లో కనబడే రోజు. నా భార్య కొబ్బరికాయ, పసుపు కుంకుమలు, మధ్యాహ్నానికి చింతపండు పులిహోర తెచ్చింది.

మేస్త్రి పై గుండుకు ఆనించి ఒక గుంజ, కింది గుండు దగ్గర నిలువెత్తును మించిన వెదురు గడ ఒకటి, మధ్యలో ఇంకొన్ని పాతాడు. నీళ్ళు నింపిన సన్న ట్యూబు ఒక కొన ఒక గుంజకు, ఇంకో కొన పక్క గుంజకు ఆనించి, రెండు వైపులా నీళ్ళు ఎక్కడ నిలిచాయో అక్కడ గీత పెట్టాడు. ఆ గీతల మధ్య తాడు బిగించి, తాడు వెంట టేపు పట్టి, దారానికి కట్టిన తూకపు గుండు వేలాడదీసి, మెట్టు మెట్టుగా కొలుచుకుంటూ కిందికి దిగాడు. దిగి తల గీరుకున్నాడు.

"అయివోరూ, ముప్పై ఆరే వస్తాండాది."

"ముప్పై తొమ్మిది. సరిగ్గా చూడు."

"నాకు సంతకం రాదు గానీ టేపు మీద అంకెలు వస్తాయి సామీ. ముప్పై ఆరు."

"ట్యూబులో గాలి బుడగ ఉండాదేమో."

అతను ట్యూబు నోట్లో పెట్టుకుని ఊది, మళ్ళీ నీళ్ళు నింపి, మళ్ళీ కొలిచాడు. ముప్పై ఆరు. మూడోసారి నేనే కొలిచాను. ముప్పై ఆరు. నేను జేబులోంచి డైరీ తీసి అతనికి చూపించాను, డైరీలో ఉన్నది కొండ కూడా ఒప్పుకోవాలన్నట్టు.

"ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దండి," అన్నాడు మేస్త్రి. "మీరు కొలిచేటప్పుడు టేపు ఎట్లా పట్టుకున్నారు?"

"గట్టిగా."

జువ్వి కింద నుంచి నా భార్య అందుకుంది. "నేల మీద పరిచినాం తమ్ముడా. కొండకు చీర కొనబోతాండామే, అట్లా కొలిచినాం."

మేస్త్రి మర్యాదస్తుడు. ముఖం పక్కకు తిప్పుకుని నవ్వాడు. "అది కొండ కొలత అక్కా. ఇంటి కొలత కాదు. ఇల్లు నిలబడే వస్తువు, కొండ మీద పండుకోదు కదా."

అప్పుడు నాకు వెలిగింది. మంచిరోజు కోసం తెచ్చిన పంచాంగం వెనక అట్ట మీద పెన్సిలుతో గీశాను. వాలు ముప్పై తొమ్మిది. పై గుండుకూ కింది గుండుకూ ఎత్తు తేడా పదిహేను. మట్టంగా ముప్పై ఆరు. మూడింటినీ మూడుతో భాగిస్తే పదమూడు, ఐదు, పన్నెండు. పదో తరగతి పిల్లలకు ఏటా నేను బోర్డు మీద గీసే లంబకోణ త్రిభుజం. ఈ మూడు అంకెలూ నిద్రలో లేపి అడిగినా చెప్పాలి అని బెత్తం ఊపిన త్రిభుజం. దాని కర్ణాన్ని కొలిచి, అదే భూమి అనుకుని, దాని మీద రెండు నెలలు ఇల్లు కట్టాను.

ఎర్ర సిరా ఆ సాయంత్రం సంగతి. పొద్దున అక్కడ మిగిలిన సమస్య వేరే. పోయినవి సరిగ్గా మూడడుగులు. నా వాలు నడవ వెడల్పు కూడా సరిగ్గా మూడడుగులు.

మేస్త్రి అట్ట ఇంటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నడవ తీసేసి ఆరు మెట్లు పెడితే సరిపోతాది."

నా భార్య పులిహోర గిన్నె మీద మూత పెట్టింది. "తమ్ముడా, కుప్పం బస్సు ఎన్ని గంటలకు?"

"వంటగది మూడడుగులు తగ్గిస్తే?" అన్నాను.

"దాంట్లో నేను దోసె తిప్పాలంటే ఎవురైనా బయటికి పోవాల."

"అయితే ఇంకొకటే దోవ," అన్నాడు మేస్త్రి. లేచి పోయి పై గుండును అరచేత్తో తట్టాడు, సంతలో ఎద్దును తట్టినట్టు. "మంచి రాయి. రాయి చీలే గీత కూడా నేరుగా ఉండాది. మావోళ్ళు నలుగురొచ్చి ఉలి పెట్టి మూడడుగులు చీల్చేస్తారు. అయివోరి ప్లాను అట్లే ఉంటాది. అక్కకు మెట్టుండదు."

నేను గుండు వైపు చూశాను. చీలిస్తే జువ్వి పోతుంది. జువ్వి పోతే నీడ పోతుంది. ఏడాది పాటు గొడుగు పట్టుకుని కూర్చుని చదివింది ఈ కొండను చీల్చడానికా? కట్టుడు పన్ను అని నవ్విన నేను ఇప్పుడు సొంత పన్ను పీకబోతున్నాను. రెండో వైపు ఇరవై రెండు మెట్లు, పదేళ్ళు, నేను లెక్క రాయని బిందెలు.

"చీల్చేద్దాం," అన్నాను.

మేస్త్రి తల ఊపాడు. నా భార్య మాత్రం నా వైపు వింతగా చూసింది. "ఆగండి. అంత తొందరేంది? తొందరపడేది మీ పద్ధతి కాదే."

అంతలో పది గంటలైంది. మేకలు వచ్చాయి. మేస్త్రి పాతిన గుంజల మధ్య నుంచి, బిగించిన తాళ్ళ కింద నుంచి, ముగ్గుపిండి గోతాన్ని వాసన చూసుకుంటూ, తమ బాటనే ఒకదాని వెనక ఒకటి నడిచాయి. నా భార్య వాటిని చివరి మేక దాకా చూసింది.

"వాటికి నాలుగేసి మోకాళ్ళు," అంది. "ఒక్కటన్నా పైకి ఎక్కతాండాదా చూడండి. అన్నీ అడ్డంగా పోతాండాయి. మనం యాల ఎక్కల్ల?"

"అంటే?"

"కుప్పంలో మా నాయన రైల్వే క్వార్టర్సు గుర్తు లేదా? ఒక గది వెనక ఒక గది కాదు, ఒకదాని పక్కన ఒకటి. ఈ కొన నుంచి ఆ కొనకు పరిగెత్తేవాళ్ళం. ఒక్క మెట్టు తగిలేది కాదు. మీరేమో ఇంటిని కొండ మీదికి ఎక్కిస్తాండారు. కొండ వెంట పండబెట్టండి, రైలు మాదిరి. మేకలు పోయిన దోవనే."

మేస్త్రికి ఆ మాట అందినంత వేగంగా నాకు అందలేదు. అతను అప్పటికే ట్యూబు తీసుకుని మేకల బాట వెంట పోతున్నాడు. గుంజ నుంచి గుంజకు, గుంజ నుంచి గుంజకు, బాట ఎట్లా వంపు తిరిగితే అట్లా డెబ్బై అడుగులు కొలిచాడు. తిరిగి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఈ కొన నుంచి ఆ కొనకు జానెడు తేడా అయివోరూ. అంతే. ఏ మేస్త్రి తీసినాడో ఈ మట్టం!"

"మా మేకలే," అంది అవ్వ. వక్క ఉమ్మి, కర్ర మీద గడ్డం ఆనించి, మమ్మల్ని ముగ్గురినీ చూసింది. "మా దోవలో ఇల్లు కడితే నా మేకలు యాడ పోవల్ల?"

న్యాయమైన ప్రశ్న. నా కాగితం మీద నేను వాటికి కంచె వేశాను. ఇప్పుడు వాటి బాటే లాక్కుంటున్నాను.

"ఇంటి మీద పోతాయి," అంది నా భార్య.

"ఇంటి మీదనా?"

"ఈయన మిద్దె మీద మట్టి పోసి గడ్డి పెంచతాడంట. ఎవురు కోస్తారు ఆ గడ్డి? మీ మేకలు మేసుకుంటా పోతాయి."

అవ్వ నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను. "పిచ్చోడనుకుంటి గానీ, మంచోడే."

ఆ మధ్యాహ్నం పులిహోర నలుగురం తిన్నాం. సాయంత్రం ఇంటికి వచ్చి ఎర్ర సిరా బుడ్డి తెరిచాను. నా భార్య పక్కన కూర్చుని, "సున్నా మార్కులేనా? చేసిన పద్ధతికి ఏమన్నా వేస్తారా?" అని అడిగింది. పద్ధతే తప్పు కాబట్టి వేయలేదు.

కొత్త ప్లాను గీయడానికి పది రోజులు చాలాయి, ఎందుకంటే అది అప్పటికే నేల మీద ఉంది. ఒకే వరుస గదులు, కొండ వంపు వెంట తామూ వంగి. ముందు పొడవునా ఒక వరండా. రెండు గుండ్ల మధ్య ముప్పై ఆరు అడుగుల్లో ఇరవై ఐదే సరిపోయాయి, పదకొండు మిగిలాయి. మూడడుగులకు ఏడ్చిన నాకు పదకొండు మిగలడం ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. ఇంటి వెనక గోడకూ కొండకూ మధ్య మూడడుగుల సందు వదిలాం. పై నుంచి దిగే వాన నీళ్ళు గోడను తాకకుండా ఆ సందులోని కాలవలో పడి రెండు పక్కలకూ పోతాయి. వాన కింద గొడుగుతో గీసిన బొమ్మలు అక్కడ పనికొచ్చాయి. ఆ సందు మీద మేస్త్రి కుప్పం నుంచి తెప్పించిన బండలు పరిచాడు, వెలుతురు కోసం అక్కడక్కడా ఖాళీ వదిలి. అవే మేకలకు కొండ మీద నుంచి మిద్దె మీదికి వంతెన. గోడలకు ఆ స్థలంలో తవ్విన రాయే. రంగు వేయలేదు. మిద్దె మీద గచ్చు చేసి, దాని మీద అరడుగు ఎర్రమట్టి పోసి, బోదగడ్డి గింజలు చల్లాం. ఆ వానాకాలం అవి మొలిచాయి.

మొదటి పెద్ద వాన రోజు మేస్త్రి, నేను ఇద్దరం ఇంట్లో గది గదికీ పోయి కప్పు వైపు చూస్తూ మెడలు పట్టేదాకా తిరిగాం. ఒక్క చుక్క దిగలేదు. నా భార్య ఆ రోజు పల్లం నుంచి ఇంటి వైపు చూసి తిరిగి బండిబాట పట్టింది. తీర్పు గృహప్రవేశం రోజే అని ఆమె ముందే చెప్పింది. అట్ట ఇంట్లో వేళ్ళతో నడవడం వేరు, కాళ్ళతో నడవడం వేరు. తమ్ముడి ఇంటి పక్క గదులు అప్పటికీ ఖాళీగానే పెట్టించింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో గృహప్రవేశం చేశాం. దానికి ముందుగా ఆవు ఇంట్లో కాలు పెట్టాలి కదా. పుంగనూరులో నా దగ్గర చదువుకున్న ఒకతను తన పొట్టి ఆవును ఆటోట్రాలీలో ఎక్కించి పంపాడు. నడుమెత్తు కూడా ఉండని తెల్లటి ఆవు, మెడలో పూసల దండ. బండిబాట మీద దించి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ముందు నడిపించాం. వెనక మేళం. ఆ వెనక చుట్టాలు. చుట్టాల్లో సగం మంది అప్పటికే రోడ్డు మీద రెండుసార్లు ఇంటిని దాటిపోయి వెనక్కి వచ్చినవాళ్ళు. "ఇల్లు యాడప్పా? శామియానా ఒకటే కనబడతాండాది" అని నా బావమరిది కింద నుంచి అరిచినప్పుడు నాలోపల నేను చంకలు గుద్దుకున్నాను.

బాట చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమది వరండాకు. కుడిది మేకల కొత్త బాట, వాలుగా మిద్దె మీదికి. ఆవు ఒక్క క్షణం నిలబడి వాసన చూసింది. అప్పుడే వానలు పడి గడ్డి మోకాలెత్తు లేచి ఉంది. కుడి వైపు తిరిగింది.

"పట్టుకో! పట్టుకో!" అన్నాడు పురోహితుడు. మేస్త్రి పగ్గం అందుకునే లోపల అది బండల మీద టకటకమని నడిచి మిద్దె నడిమధ్యకు పోయి తల వంచింది. పగ్గం పట్టి లాగితే నాలుగు కాళ్ళూ బిగబట్టింది. మేస్త్రి బతిమాలాడు. బావమరిది అరిచాడు. మేళం వాళ్ళు వాయించడం ఆపితే వస్తుందని ఒకరు, ఆపకపోతేనే వస్తుందని ఇంకొకరు. పురోహితుడు గడియారం చూసి, ముహూర్తానికి ఇంకా పన్నెండు నిమిషాలే ఉన్నాయని చెప్పాడు.

నేను వరండా అంచున నిలబడి, ఆవు ఇంటి మీదికి ఎక్కితే గృహప్రవేశం కిందికి వస్తుందా రాదా అని పురోహితుణ్ణి పద్ధతిగా అడుగుతున్నాను. అంతలో పై నుంచి నా భార్య గొంతు వినబడింది.

"రా తల్లీ, రా. ఇదో బెల్లం."

తల ఎత్తి చూశాను. పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేతిలో బెల్లం ముక్కతో, మిద్దె మీద గడ్డిలో ఆవు పక్కన నిలబడి ఉంది. ఎవరూ చూడకుండా మేకల బాట వెంట నడిచి పోయింది. ఇంటి నెత్తి మీదికి.

"నువ్వెట్లా ఎక్కినావు?" అన్నాను.

"ఎక్కలేదు. నడిచినా."

ఆవు ఆమె అరచేయి నాకుతోంది. ఆమె మాత్రం ఆవును చూడటం లేదు. నడుం నిలబెట్టి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, ఒకసారి వెనక కొండ వైపు తిరిగి చూసింది. గాలికి గడ్డి ఆమె చీర అంచు చుట్టూ అటూ ఇటూ ఊగుతోంది.

"ఏమండీ," అంది. "ఈడ నుంచి చూస్తే ఇల్లు కనబడలేదు. యాడ కట్టినారు?"

కింద అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఒక అయ్యవారికి ఇంతకంటే మార్కులు ఎవరు వేస్తారు?

ఆమె బెల్లం ముక్క చూపిస్తూ ముందు నడిచింది, ఆవు వెనక నడిచింది. బండల మీదుగా, బాట మీదుగా, చీలిక దగ్గర ఈసారి ఎడమకు తిరిగి, వరండా దాటి, వాకిలి దాకా. గడప మాత్రం ఉంది. పసుపు రాసి, మామిడాకులు కట్టి, రెండంగుళాల ఎత్తున. ఆమె దాని ముందు ఆగి కింద చూసి, తల తిప్పి నన్ను చూసింది.

"ఇదేంది?"

"గడప. గడప మెట్టు కాదు," అన్నాను గబగబా. "గడప లేకుండా ఇల్లు ఎట్లా ఉంటుంది?"

"రాసిపెట్టండి అదీ," అని దాటింది. ఆవు కూడా దాటింది. ముహూర్తానికి ఇంకా నాలుగు నిమిషాలు మిగిలి ఉన్నాయి.

పాలు పొంగాక, చుట్టాలు విస్తళ్ళ ముందు కూర్చున్నాక, ఆమె వంటగది కిటికీ దగ్గర నిలబడి తమ్ముణ్ణి పిలిచింది. "ఒరే, ఆ రెండు గదులు ఎవురికైనా బాడుగకు ఇచ్చేసుకో."

ఆ రోజు డైరీలో నీలం సిరాతో రాసింది ఇంతే: "ఆవు మొదట మిద్దె మీదికి, తర్వాత ఇంట్లోకి. మెట్లు: లేవు. గడప: ఒకటి, రెండంగుళాలు, ఆమె సమ్మతితో. పది గంటలకు మేకలు రాలేదు, అవ్వ భోజనానికి వచ్చింది."